ఎవరు చెప్పారు?

తనది కాని మాటని ఒకరి దగ్గర అందుకుని ఇంకొకరికి అందించినవాడు ఆ మాటకి ఎంతవరకు జవాబు చెప్పాలి? కొందరు అలా అందించిన మాటలవల్ల నిప్పు రాజుకుంటే, ప్రభుత్వం అందరి నోళ్ళూ ఒక్కసారే మూసెయ్యడం ఎంతవరకు న్యాయం? ఈ రెండు ప్రశ్నల్నీ మేం పుస్తకాల్లోంచి తెచ్చుకోలేదు. అల్లవరంలో, అమలాపురంలో, కోనసీమ లంకలన్నిట్లో 2022 మే నెలలో అవి ప్రతి గుమ్మంలోకీ నడిచొచ్చాయి. ముస్లింలుగా మాకైతే అవి అంతకు చాలా ముందునుంచీ ఎదురవుతున్నవే.

ఇంటర్నెట్ ఉండాలా వద్దా అన్నది మా చర్చ కాదు. అది లేని రోజులు ఎలా ఉండేవో ఈ ఒడ్డుకి బాగా తెలుసు. అల్లవరం మండలానికి ఒకపక్క సముద్రం, ఇంకోపక్క వైనతేయ. ఓడలరేవు దగ్గర ఆ గోదావరి పాయ బంగాళాఖాతంలో కలుస్తుంది. బెండమూర్లంకలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు పద్దెనిమిదో శతాబ్దంలోనే వ్యాపార స్థావరం పెట్టుకున్నారు. అంటే బయటి ప్రపంచం ఇక్కడికి రావడం కొత్త కాదు. వార్త మాత్రం ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలకూలాయి. ఎవరు బతికారో ఎవరు పోయారో తెలుసుకోడానికి మనుషులు ఊరినుంచి ఊరికి నడిచెళ్ళాల్సి వచ్చింది. వార్త అందకపోవడం కూడా మనిషిని చంపుతుందని ఈ ప్రాంతం అప్పుడు నేర్చుకుంది. ఇవాళ సముద్రం ఎలా ఉండబోతోందో, చేపలు ఎటువైపు దొరకొచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఫోన్ల దాకా పంపుతోంది. అది చిన్న మార్పు కాదు.

గల్ఫ్ సంగతీ అంతే. కోనసీమలో కువైట్, మస్కట్, దుబాయి, ఖతార్ అనే పేర్లు పక్కూరి పేర్లలాగే వినపడతాయి. దళితుల ఇళ్ళనుంచీ, బీసీల ఇళ్ళనుంచీ, మా ఇళ్ళనుంచీ ఎందరో ఆడవాళ్ళు అరబ్బు ఇళ్ళల్లో వంటపనికీ, పిల్లల్ని సాకే పనికీ వెళ్ళారు. ఒకప్పుడు ఉత్తరం రావాలంటే వారాలు పట్టేది. చదువురాని తల్లులు తమ మాటల్ని క్యాసెట్లో రికార్డు చేసి, ఊరికొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. తర్వాత ఫోను బూత్ వచ్చింది, నిమిషానికి లెక్కగట్టి మాట్లాడాల్సిన మాటలు వచ్చాయి. వీడియో కాల్ వచ్చాకే ఆ తల్లి తన బిడ్డ పెరగడాన్ని కళ్ళారా చూడగలిగింది. పరాయి దేశంలో పగలంతా పరాయి బిడ్డని ఎత్తుకుని, రాత్రి తన బిడ్డ మొహాన్ని తెరమీద తడుముకునే మనిషికి ఇంటర్నెట్ ఏమిటో ఉపన్యాసం చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఇంత దగ్గరివాళ్ళని చేసిన ఆ తీగే మనుషుల మీదికి మనుషుల్ని ఉసిగొల్పడానికీ పనికొచ్చింది. చిక్కంతా అక్కడ.

2022 ఏప్రిల్ 4న తూర్పుగోదావరి నుంచి విడదీసి కోనసీమ జిల్లా ఏర్పాటు చేశారు. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు మార్చాలనుకుంటున్నామని మే 18న ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమంది. అంటే కాగితం మీద రాసి ఇవ్వడానికి నెల గడువుంది. వారం తిరక్కుండానే, మే 24న, అమలాపురంలో పేరు మార్పుకి వ్యతిరేకంగా బయల్దేరిన జనం అదుపు తప్పారు. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబడింది. ముమ్మిడివరం శాసనసభ్యుడు పొన్నాడ సతీష్‌కుమార్ ఇల్లు తగలబడింది. బస్సులు తగలబడ్డాయి. పోలీసులకి దెబ్బలు తగిలాయి. వాట్సాప్ గ్రూపుల ద్వారా జనాన్ని కూడగట్టారని తర్వాత పోలీసులు చెప్పారు. రెండు వందలమందికి పైగా అరెస్టయ్యారు. అదే ఏడాది ఆగస్టులో అంబేద్కర్ పేరు ఖాయమైంది.

ఆ పేరు మాకు పరాయిది కాదు. మా మతాన్ని మేం ఆచరించుకునే హక్కునీ, మా బడులు మేం నడుపుకునే హక్కునీ రాసిపెట్టిన రాజ్యాంగానికి ముసాయిదా కమిటీ అధ్యక్షుడి పేరది. ఒక జిల్లాకి ఆ పేరు పెట్టడాన్ని అవమానంగా భావించినవాళ్ళ మనసులో ఉన్నది కులమని చెప్పడానికి మాకు జంకు లేదు. కులం ఇంటర్నెట్ వచ్చాక పుట్టింది కాదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. అప్పుడు ఎవరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు లేవు. కాబట్టి నేరమంతా ఫోను మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. ఫోను చేసిందల్లా ఒకటే. ఒకప్పుడు గుంపు కట్టాలంటే ఎవరో ఒకరు ఇంటింటికీ తిరగాలి, మొహం చూపించాలి, పేరు చెప్పుకోవాలి. ఇప్పుడు ఆ కష్టం తప్పింది. పిలిచినవాడు ఎవరో తెలియకుండానే గుంపు కూడుతుంది.

ఇక్కడ భాష గురించి ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళల్లో మాట్లాడే ఉర్దూలో 'హమ్' ఒక్కటే మాట. తెలుగులో అలా కాదు, 'మేము' వేరు, 'మనము' వేరు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. 1992 డిసెంబరు 6 తర్వాత మా కవులూ కథకులూ తెలుగులో 'మేం' అని గట్టిగా రాయడం మొదలుపెట్టినప్పుడు చాలామందికి అది గుచ్చుకుంది. 'మనం' అనకుండా 'మేం' అంటారేమిటి, వేరుపడిపోతున్నారా అని అడిగారు. మా జవాబు ఒకటే. మమ్మల్ని లెక్కలోకి తీసుకోకుండా మీరు 'మనం' అంటున్నారు, ఆ 'మనం'లో మా ఇల్లు లేదు, అందుకే ముందు 'మేం' అని చెప్పుకోవాల్సి వస్తోంది. అది తలుపు మూసుకోవడం కాదు. తలుపు బయట నిలబడి మేమున్నామని చెప్పడం.

వాట్సాప్ గ్రూపుల్లో మూడో మాట ఒకటి పుట్టింది. 'మనవాళ్ళు'. ఇది పాత మాటే గానీ పని కొత్తది. ఈ 'మన'లో కలుపుకోవడం లేదు, ఏరివెయ్యడం ఉంది. మనవాళ్ళ గ్రూపు అంటే ఎవరు లేనిదో చెప్పేస్తుంది. అందులో ఒక మాట పడితే అది నిజమా అని అడగడం మనవాళ్ళని అనుమానించడం అవుతుంది. అడిగినవాడు బయటివాడైపోతాడు. అందుకే ఎవరూ అడగరు. అమలాపురం గుంపులో అందరూ ద్వేషంతోనే వచ్చారని మేం అనుకోవడం లేదు. అడగడానికి మొహమాటపడి వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. మొహమాటానికి వచ్చినా మంట మంటే.

తర్వాత ప్రభుత్వం చేసిన పని జిల్లాలో ఇంటర్నెట్ ఆపెయ్యడం. సుమారు రెండు వారాలు అటూ ఇటూగా అది ఆగిపోయింది. ఇంటినుంచి పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి దాటి పక్క జిల్లాలకి వెళ్ళారు. ఫోనుతో డబ్బు తీసుకునే కొట్లవాళ్ళు మళ్ళీ చిల్లర వెతుక్కున్నారు. దరఖాస్తు పెట్టాల్సిన పిల్లలు బస్సెక్కారు. కువైట్‌లో ఉన్న తల్లులకి తెరమీద బిడ్డ మొహం ఆగిపోయింది. ఊళ్ళో గొడవలని టీవీలో చూసి, వీడియో కాల్ కలవక, ఆ మనుషులు అక్కడ ఏమై ఉంటారో ఎవరూ లెక్క వెయ్యలేదు. మంట పెట్టింది కొందరు. శిక్ష పడింది ఎవరికీ అపకారం చెయ్యని లక్షలమందికి. మంట పెట్టడానికి కారణమైన పేరుని ప్రేమించినవాళ్ళకి కూడా.

ఒకరు చేసినదానికి అందరూ జవాబు చెప్పాల్సి రావడం కోనసీమలో చాలామందికి అప్పుడు కొత్తగా అనిపించింది. మాకు కాదు. ఎక్కడో ఒక బాంబు పేలితే ఇక్కడ మా కుర్రాడికి అద్దె ఇల్లు దొరకదు. ఎక్కడో ఎవడో ఏదో వాగితే దాన్ని ఖండించారా లేదా అని ఇక్కడ మమ్మల్ని అడుగుతారు. 2011 జనాభా లెక్కల్లో తూర్పుగోదావరి జిల్లాలో మేం నూటికి ఇద్దరికి లోపే. ఆ కొద్దిమందిమి నూటతొంభై కోట్ల మంది తరఫున సంజాయిషీ ఇచ్చుకోవాలి. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన తబ్లీగీ సమావేశం నుంచి కరోనా వ్యాపించిందన్న వార్త వచ్చాక ఏం జరిగిందో గుర్తుంది కదా. జబ్బుకి మతం అంటగట్టి, దానికి జిహాద్ అని పేరు పెట్టి, ఇంటర్నెట్‌లో ఊరేగించారు. దేశంలో పలుచోట్ల కూరగాయల బండివాళ్ళని నీ పేరేమిటని అడిగి తరిమారు. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి తబ్లీగీకి వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్ళని బలిపశువుల్ని చేశారన్న అభిప్రాయం వెలిబుచ్చింది. తీర్పు వచ్చింది. అప్పటికే కోట్ల ఫోన్లలో తిరిగిన మాటల్ని ఏ తీర్పు వెనక్కి రప్పిస్తుంది?

అందుకే కోనసీమలో అందరి ఇంటర్నెట్ ఆపెయ్యడాన్ని మేం వేరే కళ్ళతో చూశాం. అనుమానం ఒక వీధి మీద పడితే ఎలా ఉంటుందో అది జిల్లాకంతా రుచి చూపించింది. అప్పుడు చిరాకుపడిన మిత్రుల్ని మేం అడిగేది ఒకటే. పదిహేను రోజులకే అంత ఊపిరాడలేదు కదా. 2019 ఆగస్టు నుంచి కశ్మీర్‌లో మాట ఏమిటి? అక్కడ ఫోన్లలో 4జీ మళ్ళీ పూర్తిగా వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఏడాదిన్నర. అప్పుడు మన ఊళ్ళల్లో ఎంతమంది అది అన్యాయమన్నారు?

దీనికి ఎదురు వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. ఆ రాత్రి నెట్ ఆపకపోతే మర్నాడు ఇంకో ఊరు తగలబడేదేమో. ప్రాణం కంటే వీడియో కాల్ ఎక్కువా? కాదు. మంట లేచినప్పుడు ఆ దారి మూసే అధికారం ప్రభుత్వానికి ఉండాలని మేమూ ఒప్పుకుంటాం. గుంపు వస్తే ముందు కాలేది మా ఇళ్ళూ, మాలాంటివాళ్ళ ఇళ్ళూనూ. కానీ దారి మూసినవాడు ఎందుకు మూశాడో, ఎన్నాళ్ళు మూస్తాడో చెప్పాలి. 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకీ వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకీ రాజ్యాంగ రక్షణ ఉందంది. గడువు లేకుండా ఆపడం కుదరదంది. ఆపే ఉత్తర్వుని ప్రకటించాలంది. ఆ సంవత్సరమే నిబంధనలు సవరించి, ఒక ఉత్తర్వు పదిహేను రోజులకి మించకూడదన్నారు. 2017 నాటి ఆ నిబంధనల స్థానంలో 2024లో కొత్తవి వచ్చాయి. కాగితం మీద ఇంత ఉంది. కానీ అల్లవరం సంతలో ఉన్న మనిషికి తన ఫోను ఎందుకు పనిచెయ్యడం లేదో చెప్పే కాగితం కనపడాలి కదా. కారణం చెప్పకుండా మూసిన దారిలో పుకారు ఇంకా వేగంగా నడుస్తుంది. నెట్ లేనప్పుడు అబద్ధాన్ని ఖండించే మాట కూడా రాదు.

కాబట్టి మా మొదటి నిర్ణయం ఇది. కొందరి తప్పుకి అందరినీ మూగవాళ్ళని చెయ్యడం, తప్పనిసరైన కొద్ది గంటలకో రోజులకో తప్ప, అన్యాయమే. ఈ మాట అన్నాక రెండో ప్రశ్ననుంచి మేం తప్పించుకోలేం. అందరినీ శిక్షించొద్దు, తప్పు చేసినవాడినే పట్టుకోమంటున్నాం. మరి తప్పు చేసినవాడెవడు? మాట పుట్టించినవాడొక్కడేనా? చేతులు మార్చినవాడు కాడా?

చట్టం దీనిమీద కొంత చెప్పింది. గ్రూపులో ఎవరో పెట్టిన మాటకి గ్రూపు నడిపే మనిషిని నేరస్తుణ్ణి చెయ్యలేమని 2021లో బొంబాయి హైకోర్టూ, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టూ చెప్పాయి. అది సరైన తీర్పే. ఒకడి నోటికి ఇంకొకడిని జైల్లో పెట్టడం మొదలైతే ముందు లోపలికెళ్ళేది ఎవరో మాకు తెలుసు. అయితే చట్టం పట్టుకోనంత మాత్రాన తప్పు లేకుండా పోదు.

మా సంప్రదాయంలో దీనికి ఒక కొలమానం ఉంది. ప్రవక్త చెప్పారంటూ వచ్చే మాటల్ని హదీసులంటారు. ఆ మాటల్ని సేకరించిన పండితులు మాటని మాత్రమే చూసి ఊరుకోలేదు. ఆ మాట ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ గొలుసంతా రాశారు. దానికి ఇస్నాద్ అని పేరు. ఫలానా ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నాడు, ఆయన ఇంకొకాయన దగ్గర విన్నాడు, అలా చివరిదాకా. ఒక్కొక్క మనిషి గురించీ విచారించారు. అబద్ధాలాడేవాడా? జ్ఞాపకశక్తి ఎలాంటిది? ఆ ఇద్దరూ ఒకే కాలంలో బతికున్నారా, కలుసుకునే వీలుందా? గొలుసులో ఒక్క లంకె తెగినా ఆ హదీసు బలహీనమైనదని పక్కన పెట్టారు. మాట ఎంత అందంగా ఉన్నా, ఎంత భక్తిగా ఉన్నా సరే. తొమ్మిదో శతాబ్దంలో ఇమామ్ బుఖారీ లాంటివాళ్ళు ఇందుకోసం ఊళ్ళకి ఊళ్ళు తిరిగారు.

ఇప్పుడు మన ఫోన్లో పడే మాటకి గొలుసు ఏది? 'ఫార్వర్డ్' అన్న ముద్ర ఒక్కటే ఉంటుంది. అంటే, ఇది ఎవరిదో మాకు తెలియదని ఆ యంత్రమే ఒప్పుకుంటోందన్నమాట. పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. హదీసులకి అంత పరీక్ష పెట్టిన సమాజంలో పుట్టి, రాత్రి వచ్చిన వీడియోని తెల్లారేలోపు యాభైమందికి పంపేవాడు తనది ఏ సంప్రదాయమని చెప్పుకుంటాడు? ఇది మతం మాట మాత్రమే కాదు. ఏదైనా కబురొస్తే ఎవరు చెప్పారని అడగడం ఇక్కడి అన్ని కులాల పెద్దలకీ అలవాటే. చెప్పినవాడి పేరు వింటేనే సగం కబురు తేలిపోయేది. అబద్ధమని తేలితే ఆ ఇంటి గుమ్మం ముందుకెళ్ళి నిలదీసే వీలుండేది. మాటకి ఒక గుమ్మం ఉండటం, అదే జవాబుదారీ అంటే.

ఆ గుమ్మం లేకపోతే ఏమవుతుందో తెలుగునేల చూసింది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణలో, ఆంధ్రలో వాట్సాప్‌లో పుకారు పాకింది. మే 26 రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపింది. అది రంజాన్ మాసం. దానధర్మాలు చేసే నెలలో, బతుకుతెరువుకి వచ్చిన మనిషి ప్రాణం పోయింది. పంపినవాళ్ళల్లో చాలామంది పిల్లలు జాగ్రత్త అన్న మంచి ఉద్దేశంతోనే పంపి ఉంటారు. మంచి ఉద్దేశం ఆ ప్రాణాన్ని వెనక్కి తేలేదు. అదే రోజుల్లో జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసుల్ని ఊరూరా పంపి, పాటలతో, డప్పులతో, ఇది అబద్ధమని జనానికి నచ్చజెప్పించారు. ఎవరు చెబుతున్నారో కళ్ళకి కనపడింది కాబట్టి జనం విన్నారు. వాట్సాప్ కంపెనీ కూడా ఆ హత్యల తర్వాత 2018 జులైలో మన దేశంలో ఒక మాటని ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్లో, చాలా చేతులు మారిన మాటని ఒకేసారి ఒక్కచోటికే పంపేట్టు తగ్గించింది. మనుషులు చచ్చాక పెట్టిన హద్దులవి. అంతకు ముందు ఆ హద్దు లేకపోవడం కంపెనీ ఎంచుకున్న పద్ధతే. ఎక్కువమంది ఎక్కువసేపు తెర చూడటంలోనే ఇలాంటి కంపెనీలకి లాభం. మన బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ లాభాన్ని మర్చిపోకూడదు.

ఇంకా కష్టమైన ప్రశ్న ఒకటుంది. మాట నిజమే అయితే? మాకు జరిగిన అన్యాయానికి సాక్ష్యమే అయితే? ఎక్కడో మావాడొకణ్ణి గుంపు కొడుతుంటే తీసిన వీడియో మా ఫోనుకి వస్తుంది. పంపకపోతే మౌనం. పంపితే? ఆ వీడియో తీసింది చాలాసార్లు కొట్టినవాళ్ళే. నలుగురూ చూడాలనీ, చూసి మేం భయపడాలనీ తీశారు. మేం దాన్ని చేతులు మార్చినప్పుడల్లా వాళ్ళ పనే చేసిపెడుతున్నాం. మా పిల్లలు పదేళ్ళ వయసుకే ఆ దెబ్బలు చూసి, రైలెక్కాలంటే టోపీ తీసి జేబులో పెట్టుకుంటున్నారు. మా ఆలోచన ఇది. సాక్ష్యం సాక్ష్యం అడిగేచోటికి వెళ్ళాలి. లాయరుకి, విలేకరికి, హక్కుల సంఘానికి, పోలీసుకి, పంపినవాడి పేరుతో సహా. దెబ్బలు తింటున్న మనిషి మొహం ఊరేగింపుకి వెళ్ళకూడదు. అతనికీ ఒక తల్లి ఉంది. ఆమె ఫోనుకీ అది వస్తుంది. వెనకాల చెప్పే మాట నిజమైనా సరే, అవతలి మనిషి పరువు తీసేదైతే అది గీబత్ అనీ, పాపమనీ మా ఇళ్ళల్లో చిన్నప్పుడే చెబుతారు. నిజమైతే చాలు, ఏదైనా చెప్పొచ్చన్నది మా నీతి కాదు.

పరువు మాట వచ్చింది కాబట్టి ఆడవాళ్ళ సంగతి చెప్పకుండా ముగించలేం. 2021 జులైలో 'సుల్లీ డీల్స్' అనీ, 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అనీ గిట్‌హబ్‌లో పెట్టి, ముస్లిం స్త్రీల ఫొటోలు వేలానికి ఉంచారు. విలేకరులు, చదువుకున్నవాళ్ళు, నోరున్నవాళ్ళని ఏరి పెట్టారు. రెండో కేసులో దొరికినవాళ్ళు ఇరవై ఏళ్ళ అటూ ఇటూ ఉన్న కుర్రాళ్ళు, అందులో ఒక అమ్మాయి కూడా. మా ఆడపిల్లల్ని సరుకుగా చూసిన ఆ మనసుని ఏ మాటతోనూ క్షమించలేం. అయితే దాన్ని సాకుగా చేసుకుని మా ఇళ్ళల్లో ఆడపిల్లల చేతుల్లోంచి ఫోను లాక్కున్న అన్నలున్నారు. వేలం పెట్టినవాడు స్త్రీ నోరు మూయించాలనుకున్నాడు, అన్న ఆ పని పూర్తి చేశాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన మగవాళ్ళు నూటికి 48.8, ఆడవాళ్ళు 21. ఇది అన్ని మతాల లెక్క. మా ఇళ్ళు దీనికి మినహాయింపని చెప్పేవాళ్ళు ఒక్కసారి తమ ఇంట్లో ఫోను ఎవరి జేబులో ఉందో చూసుకోవాలి. ఆడవాళ్ళకి ఫోను ఇవ్వని మగవాడే అదే ఫోనులో మూడు మాటలు కొట్టి తలాక్ పంపిన సంగతులూ దేశం చూసింది. 2019లో వచ్చిన చట్టం ఎలక్ట్రానిక్ రూపంలో చెప్పిన తలాక్ కూడా చెల్లదని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే అది ఊరికే కాదు. ఆ చట్టం మగవాణ్ణి జైలుకి పంపే తీరుమీద మాకు వేరే అభ్యంతరాలుండొచ్చు. తలాక్ మెసేజి మీద మాత్రం రెండో మాట లేదు.

ఈ విషయంలో దారి చూపించింది ఒక అమ్మాయి. కేరళలో డిగ్రీ చదువుతున్న ఫహీమా షిరీన్, రాత్రిపూట ఫోను వాడకూడదన్న హాస్టల్ నియమాన్ని ఒప్పుకోనందుకు హాస్టల్ పోగొట్టుకుని, కోర్టుకెక్కింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ, ఏకాంత హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. కాపాడతామన్న పేరుతో నోరు మూయించడం సర్కారు చేసినా, హాస్టల్ చేసినా, అన్న చేసినా ఒకటే. కోనసీమలో నెట్ ఆపినప్పుడు అన్యాయమన్న నోటితో ఇంట్లో చెల్లెలికి ఫోను వద్దనలేం.

చివరిగా మా అస్తిత్వం సంగతి. కోస్తాలో ఉన్న ముస్లింలకి తెలుగే బతుకు. నూర్‌బాషాలు, దూదేకులవాళ్ళు ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. పీర్ల పండక్కి ఊరంతా కదులుతుంది, దర్గా ఉరుసుకి హిందువులూ వస్తారు. ఇప్పుడు ఫోనులోంచి రెండు గొంతులు మమ్మల్ని పిలుస్తున్నాయి. ఒక గొంతు మీరు ఈ దేశంవాళ్ళు కారు పొమ్మంటుంది. ఇంకో గొంతు ఎక్కడో దూరంనుంచి, మీ పీర్లూ మీ దర్గాలూ మీ తెలుగూ ఇస్లాం కాదు, మీరు సరైన ముస్లింలు కారంటుంది. రెండూ మా ఊరు చూడనివే. మా తాత సమాధి ఎక్కడుందో ఆ రెండిటికీ తెలియదు. రెండిటికీ మాత్రం మా గురించి అన్నీ తెలుసునన్న ధీమా ఉంది. ఈ రెండిట్లో ఏ గొంతు విన్నా మేం అడగాల్సింది ఒకటే. నువ్వెవరు? నీకెవరు చెప్పారు?

అందుకని మేం మా తోటి ముస్లింలని కోరేది ఇది. పేరు లేని మాటని ముట్టుకోవద్దు. ముట్టుకుంటే దాని కింద మీ పేరు రాసి పంపండి, నేను విచారించాను, ఇది నిజమని. అలా రాయడానికి చెయ్యి వెనకాడితే పంపొద్దు. మనవాళ్ళ గ్రూపులో మనవాడు పెట్టిన మాటని అందరికంటే ముందు మీరే ప్రశ్నించండి. ఫోనుని ఇంట్లో ఆడవాళ్ళ చేతికీ ఇవ్వండి. దానిమీద కాపలా పెట్టొద్దు.

మా తోటి తెలుగువాళ్ళని కోరేది ఇంకా చిన్నది. మా గురించి ఒక మాట మీ ఫోనులో పడినప్పుడు, మీ వీధిలోనో మీ ఆఫీసులోనో మీ రేవులోనో మాలో ఒకరు ఉంటారు. ఆ మాటని పదిమందికి పంపేముందు ఆ ఒక్కరినీ పిలిచి అడగండి. అలా అడిగిన రోజున, మేం ఇన్నేళ్ళుగా రాస్తూ వచ్చిన 'మేం' అన్న మాటని 'మనం' అని మార్చి రాయడానికి మాకు అభ్యంతరమేమీ ఉండదు.